బొంగరం నుంచి బేబ్లేడ్ దాకా: ఒక ఆటవస్తువు దేశవ్యాప్తమైన మోజుగా మారిన క్రమం

వ్యాససంగ్రహం:
తెలుగు పిల్లల ఆటల్లో బొంగరానికి శతాబ్దాల చరిత్ర ఉంది. అదే సూత్రం మీద జపానులో తయారైన బేబ్లేడ్ 2000ల దశకంలో భారతదేశమంతటా పిల్లల మోజుగా మారింది. ఒక సామాన్యమైన ఆటవస్తువు దేశవ్యాప్తమైన మోజుగా మారడానికి ఏ పరిస్థితులు కలిసిరావాలో ఈ రెండు వస్తువులను పక్కపక్కన ఉంచి ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నిజామాబాదు జిల్లా వర్ని ప్రాంతాన్ని పరిశీలనస్థలంగా తీసుకొని, యోయో, ఫిడ్జెట్ స్పిన్నర్ చరిత్రలను పోలికకు స్వీకరించింది. మోజుకు మూలం వస్తువులోని కొత్తదనం కాదని, పిల్లలకు అప్పటికే తెలిసిన ఆటకు ఒక కథా, ఒక రవాణామార్గమూ తోడైనప్పుడు మోజు పుడుతుందని ప్రతిపాదిస్తుంది. ఆ క్రమంలో చేతి నేర్పుకూ, వృత్తికారులకూ, భాషకూ కలిగిన నష్టాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: బొంగరం, బేబ్లేడ్, పల్నాటి వీరచరిత్ర, ఏటికొప్పాక, యోయో, వర్ని, ఆటల పదజాలం.

1. ఉపోద్ఘాతం:
బోధన్ నుంచి బాన్సువాడ వైపు వెళ్ళే దారిలో వర్ని ఉంది. మంజీరా నది మీద 1923-31 మధ్య నిర్మించిన నిజాంసాగర్ ఈ ప్రాంతపు భూమినీ జనాన్నీ మార్చింది. కాలువల కింద వరి, చెరకు సాగు పెరిగాయి. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి రైతు కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. వారి ఊళ్ళకు నేటికీ 'క్యాంపు' అనే పేరు నిలిచి ఉంది. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారం ఆ చెరకుకు గమ్యమైంది. స్థానిక తెలుగు, కోస్తా తెలుగు, ఉర్దూ, సరిహద్దు దాటి వచ్చిన మరాఠీ, తండాల్లోని లంబాడీ భాష ఒకే సంతలో వినిపించే ప్రాంతం ఇది.

ఇటువంటి చోట ఒకే ఆటవస్తువుకు అనేకమైన పేర్లు ఉండటం సహజం. తెలుగు ఇంటి పిల్లవాడికి అది బొంగరం. ఉర్దూ మాట్లాడే ఇంట్లో లట్టూ. మరాఠీ ఇంట్లో భోవరా. ఈ పిల్లలు ఒకే బడి ఆవరణలో, ఒకే గీసిన వలయం చుట్టూ నిలబడి ఆడుకొనేవారు. పేర్లు వేరైనా ఆట ఒకటే. 2000ల దశకంలో ఈ మూడు పేర్ల స్థానంలోకీ ఒకే పేరు వచ్చింది. అది బేబ్లేడ్. ఈ వ్యాసకర్త బాల్యం ఈ పరిసరాల్లోనే గడిచింది. కర్ర బొంగరం తిప్పిన అన్నలకూ, ప్లాస్టిక్ బేబ్లేడ్ వదిలిన తమ్ముళ్ళకూ నడుమ ఉన్న వయసు తేడా ఐదారేళ్ళకు మించదు. అంత తక్కువ కాలంలో అంత పెద్ద మార్పు ఎలా వచ్చిందన్న ప్రశ్నే ఈ వ్యాసానికి ప్రాతిపదిక.

1.1 'మోజు' - నిర్వచనం:
ఒక వస్తువు మీద హఠాత్తుగా పుట్టి, వేగంగా వ్యాపించి, అంతే వేగంగా తగ్గిపోయే సామూహికమైన ఇష్టాన్ని ఈ వ్యాసంలో 'మోజు' అని వ్యవహరిస్తున్నాను. తరతరాలుగా కొనసాగే ఇష్టం 'వాడుక'. తగ్గిపోయి, కొంతకాలానికి కొత్త రూపంలో మళ్ళీ తలెత్తే మోజు 'ఆవృత్తి'. బొంగరం వాడుకకూ, ఫిడ్జెట్ స్పిన్నర్ మోజుకూ, బేబ్లేడ్ ఆవృత్తికీ ఉదాహరణలు. ఈ మూడూ తిరిగే వస్తువులే. ఒకే సూత్రం మీద పనిచేసే వస్తువుల ఆయుష్షులో ఇంత తేడా ఉందంటే, దానికి కారణాన్ని వస్తువుకు వెలుపల వెతకాలి.

2. బొంగరం - చేతిలో ఉన్న నేర్పు:
బొంగరం నిర్మాణం అత్యంత సరళం. పైభాగం వెడల్పుగా, కిందికి పోనుపోను సన్నగా చెక్కిన కర్ర, దాని మొనకు దిగగొట్టిన మేకు, చుట్టడానికి ఒక తాడు. తెలంగాణ పల్లెల్లో దీనికి పెద్ద అంగడి అవసరం ఉండేది కాదు. వడ్లవారు గట్టి కర్రముక్కను చెక్కి ఇచ్చేవారు. మేకు పని కమ్మరి కొలిమిలో జరిగేది. మేకు అరిగితే కొత్తది కొట్టించుకొనేవారు. కర్ర చీలేదాకా అదే బొంగరం. ఒక ఇంట్లో అన్న ఆడిన బొంగరం తమ్ముడికి దక్కేది.

వస్తువు సరళమైనా దాన్ని తిప్పడం సరళం కాదు. తాడును మేకు దగ్గర మొదలుపెట్టి, వరుస తప్పకుండా, మరీ బిగువుగానూ మరీ వదులుగానూ కాకుండా చుట్టాలి. చివరను వేళ్ళ మధ్య ఇరికించి, చేతిని విసిరి, సరిగ్గా తాడు విడిపోయే క్షణంలో వెనక్కు లాగాలి. ఆ లాగుడులో ఉన్న బలం బొంగరానికి భ్రమణంగా మారుతుంది. వేగంగా తిరుగుతున్నంతసేపు అది తన అక్షాన్ని నిలుపుకొంటుంది. వేగం తగ్గినకొద్దీ తల ఊగి పడిపోతుంది. ఏ పాఠ్యపుస్తకమూ చదవకుండానే పిల్లలు ఈ విషయాన్ని మణికట్టుతో నేర్చుకొన్నారు. నేర్చినవాడు నేర్వనివాడికి చూపించాలి. ఈ చూపించడంలోనే ఆట ఒక తరం నుంచి మరో తరానికి చేరింది.

బొంగరాలాటలో పోటీ కూడా ఉంది. నేల మీద వలయం గీసి, ఓడినవాడి బొంగరాన్ని అందులో ఉంచి, మిగిలినవారు తమ బొంగరాల మేకులతో దాన్ని కొట్టడం తెలుగునాట విస్తృతంగా ఆడిన పద్ధతి. దెబ్బతిన్న బొంగరం మీది గుంటలు దాని యజమాని ఓటములకు లెక్క. నేర్పు, పోటీ, నలుగురిలో గెలుపు ఓటముల ప్రదర్శన, చేతికందే ధర అనే నాలుగు లక్షణాలు బొంగరానికి మొదటినుంచీ ఉన్నాయి. తరువాత మోజుగా మారిన ప్రతి తిరిగే ఆటవస్తువూ వీటిలో కొన్నింటిని అరువు తెచ్చుకొన్నదే.

భాష కూడా ఈ ఆటను తనలో కలుపుకొంది. తీరిక లేకుండా తిరిగే మనిషిని బొంగరంలా తిరుగుతున్నాడంటాం. తమిళంలో పంబరం, కన్నడంలో బుగురి అనే పేర్లు ఈ వస్తువు దక్షిణభారతంలో ఎంత లోతుగా వేళ్ళూనుకొన్నదో తెలుపుతాయి.

3. బాలచంద్రుని బొంగరాలు - ఆటకు కథ తోడైన సందర్భం:
ఆటవస్తువు మోజుగా మారడంలో కథకు ప్రధానపాత్ర ఉంటుందన్న విషయం ఆధునిక వ్యాపారం కనుగొన్నదేమీ కాదు. తెలుగు సాహిత్యంలో దీనికి ప్రాచీనమైన ఉదాహరణ ఉంది. శ్రీనాథ కర్తృకంగా ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్రలో బాలచంద్రుని బొంగరాలాట ముఖ్యమైన ఘట్టం. బ్రహ్మనాయుని కుమారుడైన బాలచంద్రుడిని తల్లి యుద్ధవార్తలకు దూరంగా పెంచుతుంది. తోటివారితో అతడు బొంగరాలాడుతుండగా ఒక బొంగరం వెళ్ళి ఒక స్త్రీ కాలికి తగులుతుంది. తనవారంతా యుద్ధభూమిలో ఉండగా నీకు ఇక్కడ ఆటలా అన్న అర్థంలో ఆమె పలికిన నిష్ఠూరం బాలుడిని కారంపూడి రణరంగానికి నడిపిస్తుంది.

ఈ ఘట్టంలో బొంగరం కేవలం అలంకారం కాదు. బాల్యానికీ వీరత్వానికీ మధ్య గడప అది. ఆటలో కొట్టే దెబ్బ, యుద్ధంలో కొట్టే దెబ్బగా మారే మలుపు అక్కడే ఉంది. ఈ కథను వీరవిద్యావంతులు ఊరూరా గానం చేశారు. కారంపూడిలో ఏటా జరిగే వీరుల ఉత్సవాలు దాన్ని జనస్మృతిలో నిలిపాయి. 1947లో వచ్చిన 'పల్నాటి యుద్ధం' చిత్రం బాలచంద్రుని పాత్రను తెర మీదికి తెచ్చింది. అంటే తెలుగువారికి బొంగరమూ ఉంది, బొంగరం చేతపట్టిన వీరబాలుడి కథా ఉంది, ఆ కథను మోసుకువెళ్ళే గాయకులూ ఉన్నారు.

అయితే ఆ కథ బొంగరాలను అమ్మలేదు. అమ్మవలసిన అవసరమూ లేదు. కథ చెప్పేవాడు ఒకడు, బొంగరం చెక్కేవాడు మరొకడు. వారిద్దరికీ మధ్య ఒప్పందం లేదు. కథకూ వస్తువుకూ యజమాని ఒక్కరే అయినప్పుడు ఏం జరుగుతుందో చూడటానికి తెలుగునేలను కాసేపు విడిచి, ఇరవయ్యో శతాబ్దపు అమెరికాకూ జపానుకూ వెళ్ళాలి.

4. యోయో - పేరు చేతులు మారిన వైనం:
దేశవ్యాప్తమైన ఆటవస్తువు మోజులకు తొలి ఆధునిక నమూనాల్లో యోయో ఒకటి. రెండు బిళ్ళల మధ్య ఇరుసుకు దారం చుట్టి పైకీ కిందికీ ఆడించే ఈ వస్తువు చాలా దేశాల్లో పాతదే. యోయో అనే పేరు మాత్రం ఫిలిప్పీన్స్ నుంచి వచ్చింది. ఆ దేశం నుంచి అమెరికాకు వలసవచ్చిన పెడ్రో ఫ్లోరెస్ 1928లో కాలిఫోర్నియాలో యోయోల తయారీ మొదలుపెట్టాడు. ఇరుసుకు దారాన్ని గట్టిగా ముడివేయకుండా చుట్టూ వదులుగా ఉచ్చులా తిప్పడం వల్ల బిళ్ళ కింద ఆగి తిరుగుతూ ఉండగలదు. ఆ చిన్న తేడా వల్ల నేర్పు చూపడానికి అవకాశం పెరిగింది. కొద్దికాలానికే డొనాల్డ్ డంకన్ ఆ వ్యాపారాన్ని కొనుగోలు చేశాడు.

డంకన్ వస్తువులో తెచ్చిన మార్పు తక్కువ. ప్రచారంలో తెచ్చిన మార్పు ఎక్కువ. నేర్పరులైన ఫిలిప్పీన్ యువకులు ఊరూరా తిరిగి, బడుల దగ్గరా దుకాణాల ముందూ విన్యాసాలు చేసి చూపేవారు. పోటీలు జరిగేవి. పిల్లవాడు ముందు నేర్పును చూసి అబ్బురపడి, తరువాత వస్తువును కొనేవాడు. బొంగరం విషయంలో అన్న తమ్ముడికి ఉచితంగా చేసిన పనిని ఇక్కడ జీతగాడు చేశాడు. బొంగరానికీ యోయోకూ మధ్య అసలైన తేడా ఇదే.

ఈ కథకు ముగింపు కూడా గమనించదగ్గది. యోయో అనే పేరు తమకే చెందుతుందన్న డంకన్ సంస్థ వాదనను 1965లో అమెరికా న్యాయస్థానం అంగీకరించలేదు. అది వస్తువుకు సామాన్యనామమైపోయిందని తీర్పు చెప్పింది. అదే ఏడు ఆ సంస్థ దివాలా తీసింది. ఒక జాతి నోట ఉన్న మాట కొన్ని దశాబ్దాల పాటు ఒక సంస్థ ఆస్తిగా చలామణి అయి, తిరిగి అందరి మాట అయింది. పేరు ఎవరిది అన్న ప్రశ్న మోజు చరిత్రలో అప్రధానమైనది కాదనడానికి ఇది నిదర్శనం.

5. బేయ్‌గోమా నుంచి బేబ్లేడ్:
జపానులో బేయ్‌గోమా అనే చిన్న బొంగరం ఉంది. మొదట్లో దాన్ని ఒక రకం సముద్రపు గవ్వలో ఇసుక నింపి, మైనంతో మూసి చేసేవారు. 'బయ్' అనే ఆ గవ్వ పేరే ఆటవస్తువు పేరులో నిలిచింది. తరువాత పోతపోసిన లోహపు బేయ్‌గోమాలు వచ్చాయి. పీపా మీద గుడ్డ పరిచి, అది మధ్యలో కొద్దిగా కుంగేలా చేసి, ఆ పల్లంలోకి ఇద్దరు తమ బొంగరాలను విసురుతారు. పల్లం వల్ల రెండూ మధ్యకు జారి ఢీకొంటాయి. బయటికి పడినది ఓడినట్లు. మన వలయంలో కొట్టేవాడి గురి ప్రధానం. వారి గుడ్డ మీద నేల వాలే ఆ పని చేస్తుంది.

టకారా సంస్థ 1999లో ఈ పాత ఆటను కొత్త రూపంలో విడుదల చేసింది. అదే బేబ్లేడ్. తాడు స్థానంలో పళ్ళు ఉన్న ప్లాస్టిక్ పట్టీ వచ్చింది. దాన్ని ఒక పిడిలోకి దూర్చి లాగితే లోపలి పళ్ళచక్రం తిరిగి బొంగరాన్ని వదులుతుంది. పీపా మీది గుడ్డ స్థానంలో ప్లాస్టిక్ పళ్ళెం వచ్చింది. బొంగరాన్ని ఊడదీసి, ఒకదాని భాగాన్ని మరొకదానికి అమర్చే వీలు కల్పించారు. ఈ మూడు మార్పుల్లో ప్రతిదానికీ వ్యాపారపరమైన అర్థం ఉంది. పట్టీ వల్ల నేర్పు అవసరం తగ్గింది. మొదటి రోజే ఎవరైనా తిప్పగలరు. పళ్ళెం వల్ల ఢీకొనడం ఖాయమైంది. విడిభాగాల వల్ల ఒకటి కొన్నవాడు రెండోది కొనక తప్పదు. కర్ర బొంగరం ఉన్నవాడికి రెండో బొంగరం అవసరం రాదు.

వస్తువుతోపాటు కథ వచ్చింది. తకావో అఒకి చిత్రకథ జపాను బాలపత్రికలో వెలువడింది. 2001లో యానిమేషన్ ధారావాహిక మొదలైంది. ఒక బాలుడు, అతని బొంగరం, అందులో ఆవహించిన పవిత్రజంతువు, వరుసగా ఎదురయ్యే ప్రత్యర్థులు: కథాసామగ్రి ఇంతే. బాలచంద్రుని ఘట్టంతో పోల్చి చూస్తే సామ్యం స్పష్టంగా కనిపిస్తుంది. రెండుచోట్లా బొంగరం బాలుడి వీరత్వానికి గుర్తు. భేదం కూడా అంతే స్పష్టం. పల్నాటి బాలుడు బొంగరాన్ని వదిలి యుద్ధానికి వెళ్తాడు. బేబ్లేడ్ బాలుడికి బొంగరమే యుద్ధం. ఆ యుద్ధం ముగియదు, ఎందుకంటే ప్రతి కొత్త ప్రత్యర్థీ ఒక కొత్త బొంగరంతో వస్తాడు, ఆ బొంగరం మర్నాడు అంగట్లో ఉంటుంది. కథా వస్తువూ ఒకే యజమాని చేతికి రావడం అంటే ఇదే.

6. వర్ని దాకా వచ్చిన దారి:
భారతదేశంలో కార్టూన్ నెట్‌వర్క్ ప్రసారాలు 1995లో మొదలయ్యాయి. 2000ల దశకం మధ్యకు వచ్చేసరికి కేబుల్ టెలివిజన్ చిన్న పట్టణాలకూ పల్లెలకూ చేరింది. హిందీ అనువాదంలో బేబ్లేడ్ ధారావాహిక ఆ దశకంలోనే ప్రసారమైంది. ఇక్కడ నిజామాబాదు, బోధన్ ప్రాంతానికి ఒక ప్రత్యేకత ఉంది. కోస్తా పల్లెటూరి పిల్లవాడికి హిందీ బడిలో నేర్చుకోవలసిన భాష. వర్ని పిల్లవాడికి అది సంతలో, బస్సులో, పక్కింట్లో వినిపించే ఉర్దూకు దగ్గరి భాష. అందువల్ల హిందీ కథ ఇక్కడి పిల్లలకు అనువాదకుడి అవసరం లేకుండానే చేరింది. మోజు వేగాన్ని నిర్ణయించే అంశాల్లో భాషాపరిసరం కూడా ఒకటని దీనివల్ల తెలుస్తుంది.

కథ గాలిలో వచ్చినా వస్తువు నేల మీదే రావాలి. నిజామాబాదు సికింద్రాబాదు-మన్మాడు రైలుమార్గంలో ఉంది. ఆ మార్గం ఈ ప్రాంతాన్ని ఒకవైపు హైదరాబాదుతోనూ మరోవైపు ముంబయి దిశతోనూ కలుపుతుంది. పట్టణంలోని టోకు అంగళ్ళ నుంచి సరకు బోధన్, వర్ని, బాన్సువాడల ఫ్యాన్సీ దుకాణాలకు చేరుతుంది. అక్కడి నుంచి వారపు సంతలకూ జాతరలకూ వెళ్తుంది. వర్ని సమీపంలోని బడాపహాడ్ దర్గాకు కులమతాలకు అతీతంగా జనం వస్తారు. ఇటువంటి ఉరుసుల్లో, జాతరల్లో పరిచే బొమ్మల దుకాణమే పల్లె పిల్లవాడికి ప్రపంచపు ఆటవస్తువుల ప్రదర్శనశాల. పంట చేతికొచ్చి, చెరకు డబ్బులు అందిన ఇంటి పిల్లవాడి చేతిలో జాతరనాడు పది రూపాయలు ఎక్కువే ఉండేవి.

అలా వచ్చిన వస్తువుల్లో అసలు సంస్థ ముద్ర ఉన్నవి అరుదు. ఈ వ్యాసకర్త చూసినవాటిలో ఎక్కువ భాగం పేరులేని ప్లాస్టిక్ అనుకరణలు. పట్టీ రెండు రోజులకే విరిగేది. ప్లాస్టిక్ పళ్ళెం కొనే స్తోమత లేని పిల్లలు వంటింట్లోని సత్తు తాంబాళాన్ని తెచ్చి అందులో బేబ్లేడ్‌లను వదిలేవారు. పట్టీ విరిగితే వేళ్ళతోనే తిప్పేవారు. అసలు వస్తువు ధర అందనిచోట నకలు మోజును మోసింది. అంటే మోజు దేశవ్యాప్తం కావడానికి సంస్థ ప్రచారం ఎంత కారణమో, ఆ సంస్థకు చెల్లి కూడా చెల్లని అనుకరణలూ అంతే కారణం. పెద్దల ఆర్థికచరిత్రలో నకలు నేరం. పిల్లల ఆటల చరిత్రలో అది వాహకం.

తాంబాళంలో బేబ్లేడ్ వదిలిన పిల్లవాడు తనకు తెలియకుండానే జపాను పీపా మీది గుడ్డను పునఃసృష్టించాడు. వేళ్ళతో తిప్పినవాడు మళ్ళీ చేతి నేర్పు వైపు వెళ్ళాడు. వినియోగదారుడు మోజును ఉన్నదున్నట్లు స్వీకరించడు. తన ఇంటి సామానుతో, తన పాత ఆటతో దాన్ని సరిచేసుకొంటాడు. ఆటల చరిత్రను రాసేటప్పుడు ఈ భాగం సాధారణంగా జారిపోతుంది.

7. ఫిడ్జెట్ స్పిన్నర్ - కథ లేని మోజు:
కథ లేకుండా మోజు పుట్టదా అన్న ప్రశ్నకు 2017 నాటి ఫిడ్జెట్ స్పిన్నర్ సమాధానం చెబుతుంది. మధ్యలో బేరింగు, చుట్టూ మూడు రెక్కలు. వేళ్ళ మధ్య పట్టుకొని తిప్పడమే ఆట. ఆ ఏడాది వేసవిలో అది అమెరికా బడుల నుంచి హైదరాబాదు కూడళ్ళ దాకా కొన్ని నెలల్లోనే వ్యాపించింది. ఇక్కడ టెలివిజన్ ధారావాహిక స్థానాన్ని చరవాణిలోని చిన్న వీడియోలు తీసుకొన్నాయి.

దీని సృష్టికర్తగా కేథరిన్ హెటింగర్ పేరు పత్రికల్లో మారుమోగింది. 1997లో పేటెంటు పొంది, 2005లో పునరుద్ధరణ రుసుము కట్టలేక దాన్ని కోల్పోయిన స్త్రీగా ఆమె కథ ప్రచారమైంది. అయితే ఆమె రూపొందించిన వస్తువు గుమ్మటం ఆకారంలో ఉండేదని, 2017లో అమ్ముడైన మూడు రెక్కల బేరింగు వస్తువుతో దానికి నేరుగా సంబంధం లేదని తరువాత స్పష్టమైంది. ప్రతి మోజుకూ ఒక సృష్టికర్తనూ, ఒక అన్యాయాన్నీ వెతకాలన్న తొందరలో చరిత్ర ఎలా వంకరపోతుందో చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ. స్పిన్నర్‌కు యజమాని లేడు కాబట్టి ఎవరైనా తయారుచేయగలిగారు. అందుకే అంత వేగంగా వ్యాపించింది. యజమానీ, కథా లేవు కాబట్టి దాన్ని నిలిపే ప్రయత్నం ఎవరూ చేయలేదు. దానిలో పోటీ లేదు, గెలుపు ఓటములు లేవు. ఏడాది తిరిగేసరికి దుకాణాల్లో మూలపడింది. బేబ్లేడ్ మాత్రం 2008లో, 2015లో, 2023లో కొత్త రూపాలతో, కొత్త కథలతో మళ్ళీ మళ్ళీ వచ్చింది. ఒక తరం పిల్లలు పెరిగిపోగానే మరో తరానికి అదే ఆటను కొత్తదిగా అమ్మడం దాని పద్ధతి.

8. ఏటికొప్పాక - తిరుగుతున్న సాన ముందు:
ఈ చరిత్రలో తెలుగు వృత్తికారుల స్థానం ఎక్కడ? వర్నికి ఎగువన ఉన్న నిర్మల్ కొయ్యబొమ్మలకూ చిత్రాలకూ ప్రసిద్ధి. అక్కడి పొణికి కర్ర బొమ్మ ప్రధానంగా చూడదగిన వస్తువు. తిరిగే ఆటవస్తువుకు తెలుగునాట ప్రధానకేంద్రం నేటి అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక. అక్కడ అంకుడు కర్రను సాన మీద తిప్పుతూ చెక్కుతారు. తిరుగుతున్న కర్రకు లక్కకడ్డీని ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి పూతగా అంటుకొంటుంది. బొంగరం అక్కడ సహజంగా పుడుతుంది. తిరగడంలోనే తయారై, తిరగడానికే బయటికి వచ్చే వస్తువు అది.

ఏటికొప్పాకకు గుర్తింపు రాలేదని అనలేం. చెట్ల నుంచి తీసిన సహజవర్ణాలను మళ్ళీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు కృషికి 2023లో పద్మశ్రీ లభించింది. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక సూచిక దక్కింది. ప్రధానమంత్రి 2020 ఆగస్టు 30 నాటి రేడియో ప్రసంగంలో ఈ ఊరిని ప్రస్తావించారు. ఆ సంవత్సరమే ఆటవస్తువుల దిగుమతి సుంకాన్ని 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. 2021 జనవరి 1 నుంచి ఆటవస్తువులకు నాణ్యతాప్రమాణాల ఆజ్ఞ అమలులోకి వచ్చింది. నమోదైన చేతివృత్తికారులకు, భౌగోళిక సూచిక ఉన్న ఉత్పత్తులకు అందులో మినహాయింపు ఇచ్చారు.

ఈ చర్యలన్నీ వస్తువును కాపాడేవి. మోజును పుట్టించేవి కావు. సుంకం దిగుమతిని ఆపగలదు, పిల్లవాడి చేతికి తాడు చుట్టడం నేర్పలేదు. ఏటికొప్పాక బొంగరం ఇప్పుడు హస్తకళల దుకాణంలో, బహుమతి పెట్టెలో, అద్దాల బీరువాలో కనిపిస్తుంది. దాన్ని కొనేది ఎక్కువగా పెద్దలు. ఆడవలసిన వస్తువు చూడవలసిన వస్తువుగా మారడం ఒక రకమైన గౌరవమే. కానీ అది ఆట ఆగిపోయిందనడానికి గుర్తు కూడా.

9. భాషకు కలిగిన నష్టం:
ఒక ఆట పోయినప్పుడు దానితో ముడిపడిన మాటలూ పోతాయి. తాడు చుట్టే తీరుకు, వదిలే పద్ధతికి, కదలకుండా ఒకేచోట నిలిచి తిరిగే స్థితికి, అరచేతిలోకి ఎత్తుకొనే విన్యాసానికి, దెబ్బకు, గుంటకు, ఓడినవాడి శిక్షకు ఊరూరా వేర్వేరు మాటలు ఉండేవి. వర్ని వంటి చోట అవి రెండు తెలుగుల్లోనూ, ఉర్దూ, మరాఠీల్లోనూ కలిసి ఉండేవి. ఇవి నిఘంటువులు రాసేవారి ఇళ్ళలో పుట్టిన మాటలు కావు. బడి ఆవరణలో, పిల్లల నోట పుట్టినవి. బేబ్లేడ్‌తో వచ్చిన పదజాలం ఢిల్లీలోనూ, వర్నిలోనూ, మనీలాలోనూ ఒకటే. దాన్ని పిల్లలు పుట్టించలేదు, పెట్టె మీద చదివారు.

మాండలిక పదసేకరణలో వ్యవసాయం, చేనేత, వడ్రంగం వంటి వృత్తుల పదజాలానికి తెలుగులో బలమైన సంప్రదాయం ఉంది. 1960ల దశకం నుంచి వెలువడిన మాండలిక వృత్తిపదకోశాలు దానికి సాక్ష్యం. పిల్లల ఆటల పదజాలానికి అటువంటి స్థాయిలో పని జరగవలసి ఉంది. బొంగరాన్ని తాడుతో తిప్పిన చివరి తరం నేడు నడివయసులో ఉంది. వారి మణికట్టుకు ఆట గుర్తుంది, నోటికి మాటలూ గుర్తున్నాయి. ఈ పని చేయడానికి పెద్ద పథకం అవసరం లేదు. ప్రతి కళాశాల తెలుగుశాఖ విద్యార్థులు తమ ఊళ్ళో పదిమందిని కూర్చోబెట్టి, ఒక బొంగరం, ఒక తాడు ఇచ్చి, తిప్పుతుండగా మాట్లాడించి రాసుకొన్నా చాలు. చేతిలో వస్తువు ఉన్నప్పుడు వచ్చే మాట ప్రశ్నావళికి రాదు.

10. ముగింపు:
ఈ పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి:
* సామాన్యమైన ఆటవస్తువు మోజుగా మారడానికి దాని కొత్తదనం కారణం కాదు. యోయో, బేబ్లేడ్ రెండూ పాత వస్తువులే. పిల్లలకు అప్పటికే తెలిసిన ఆట కావడమే వాటి బలం.
* పాత ఆటకు ప్రదర్శన గాని, కథ గాని తోడై, రవాణామార్గం దొరికినప్పుడు అది దేశవ్యాప్తమవుతుంది. మారుమూలకు దాన్ని చేర్చేది చాలాసార్లు చవక నకలు.
* కథకూ వస్తువుకూ ఒకే యజమాని ఉంటే మోజు ఆవృత్తిగా మారుతుంది. యజమానీ, కథా, పోటీ లేనప్పుడు ఫిడ్జెట్ స్పిన్నర్‌లా త్వరగా ముగుస్తుంది. నేర్పు పిల్లల చేతిలోనే ఉన్నప్పుడు బొంగరంలా శతాబ్దాల వాడుక అవుతుంది.
* బాలచంద్రుని కథ ద్వారా ఆటనూ వీరగాథనూ కలిపిన తెలుగు సంప్రదాయం ఆ బంధాన్ని వ్యాపారంగా మార్చలేదు. అందువల్ల బొంగరం దీర్ఘకాలం నిలిచింది. అందువల్లే కథా వస్తువూ కలిసి అమ్మకానికి వచ్చిన రోజున నిలబడలేకపోయింది.

బోధన్ చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. ఆ కర్మాగారపు చరిత్రకు దస్త్రాలున్నాయి, కార్మికుల పోరాటాల నమోదులున్నాయి. అదే నేల మీద, అదే కాలంలో ఆగిపోయిన బొంగరాలాటకు దస్త్రం లేదు. ఆడినవారే దాని దస్త్రం. వారు ఉండగానే దాన్ని చదివి రాసుకోవడం తెలుగు పరిశోధకుల ముందున్న పని.